స్కూలు నుంచి తీసేసిన పిల్లల కేసులు వినడానికి ఇంగ్లండ్‌లో నేను తీసుకున్న ట్రైనింగ్: నా అనుభవం

ఇంగ్లండ్‌లో ఒక పిల్లాణ్ణి స్కూలు నుంచి పూర్తిగా తీసేసే అధికారం హెడ్‌టీచర్ ఒక్కరికే ఉంటుంది. దీన్ని పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్ అంటారు. ఆ పిల్లాణ్ణి మళ్లీ చేర్చుకోవాలా వద్దా అని స్కూలు గవర్నర్లు, అంటే స్కూలు నిర్వహణ చూసే బోర్డు సభ్యులు, కూర్చుని చూడాలి. వాళ్లు కూడా వద్దంటే తల్లిదండ్రులు ఇండిపెండెంట్ రివ్యూ ప్యానెల్‌కి వెళ్లొచ్చు. ఆ ప్యానెల్‌లో ముగ్గురు గానీ ఐదుగురు గానీ ఉంటారు. హెడ్‌టీచర్‌గా చేస్తున్నవాళ్లు లేదా గత ఐదేళ్లలో చేసినవాళ్లు, గవర్నర్‌గా అనుభవం ఉన్నవాళ్లు, వీళ్లతో పాటు ఛైర్‌గా ఒక లే మెంబర్. లే మెంబర్ అంటే ఎప్పుడూ ఏ స్కూల్లోనూ జీతానికి పని చేయని మామూలు మనిషి. నేను ఆ లే మెంబర్‌ని. ఉద్యోగం అకౌంట్స్‌లో. ఇక్కడ బడికి వెళ్లే పిల్లలున్న తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లలో ఎవరికైనా ఈ పరిస్థితి వస్తే, బల్లకి అటువైపు కూర్చున్నవాళ్లకి ఏం నేర్పిస్తారో, వాళ్ల నుంచి ఏం ఆశించవచ్చో తెలిసి ఉండటం మంచిదని ఇది రాస్తున్నాను.

ఈ పనిలోకి నన్ను లాగింది మాకు తెలిసిన ఒక కుటుంబం. వాళ్లబ్బాయిని తీసేశారు, గవర్నర్ల మీటింగ్ ఉంది. "అక్కా, మీరేం మాట్లాడక్కర్లేదు, పక్కన కూర్చోండి చాలు" అంది వాళ్లమ్మ. తోడుగా ఒకరిని తీసుకెళ్లడానికి రూల్స్ ఒప్పుకుంటాయి, వెళ్లాను. ఆమెకి కాగితాలు ముందు రోజు సాయంత్రం అందాయట. ఎవరో ఒక పేజీ నంబర్ చెప్పడం, ఈవిడ వెతుక్కోవడం, దొరికేలోపు వాళ్లు ఇంకో పేజీకి వెళ్లిపోవడం. ఆ గదిలో చెడ్డవాళ్లెవరూ లేరు. అందరూ మర్యాదగానే మాట్లాడారు, మంచినీళ్లు ఇచ్చారు. అయినా ఆ మీటింగ్‌లో ఆమె చెప్పుకోవాల్సింది సగం కూడా చెప్పుకోలేదు. ఆ అబ్బాయికి ఇంకో స్కూల్లో సీటు దొరికింది, వాళ్లు అక్కడితో వదిలేశారు. నాకు మాత్రం అది మనసులోంచి పోలేదు. కొన్నాళ్లకి మా కౌన్సిల్ లే మెంబర్లు కావాలని ప్రకటన ఇస్తే అప్లై చేశాను.

అప్లికేషన్ గురించి పెద్దగా చెప్పడానికేం లేదు. ఫారం, ఇద్దరి రిఫరెన్సులు, చిన్న ఇంటర్వ్యూ. స్కూల్లో వాలంటీర్‌గా పని చేసి ఉన్నా, గవర్నర్‌గా ఉన్నా పర్వాలేదు, జీతం తీసుకుని ఉంటేనే పనికిరారు. ఏ స్కూళ్లతో, ఏ కుటుంబాలతో నాకు సంబంధాలున్నాయో రాసివ్వమన్నారు. తర్వాత ఏ కేసు వచ్చినా ఆ లిస్టు చూసే పిలుస్తారు. నిజంగా పక్షపాతం లేకపోవడం ఒక్కటే సరిపోదు, చూసేవాళ్లకి అనుమానం వచ్చే సంబంధం కూడా ఉండకూడదు.

రివ్యూ జరిగే రోజుకి ముందు రెండేళ్లలోపు ట్రైనింగ్ తీసుకుని ఉండకపోతే ఎవరూ ప్యానెల్‌లో కూర్చోకూడదు, ప్యానెల్‌కి కాగితాలు, ఏర్పాట్లు చూసే క్లర్క్‌గా కూడా పని చేయకూడదు. ఇది సలహా కాదు, చట్టం పెట్టిన షరతు. ఏం నేర్పాలో కూడా అందులోనే ఉంది: ఎక్స్‌క్లూజన్ చట్టాలు, ప్రభుత్వ గైడెన్స్, కోర్టులు ప్రభుత్వ నిర్ణయాలను సమీక్షించేటప్పుడు వాడే సూత్రాలు, సహజ న్యాయం, ఛైర్ బాధ్యత, క్లర్క్ బాధ్యత, వివక్షని నిషేధించే 2010 ఈక్వాలిటీ యాక్ట్, ప్రభుత్వ సంస్థలు మానవ హక్కులకి విరుద్ధంగా నడవకూడదనే 1998 హ్యూమన్ రైట్స్ యాక్ట్‌లో 6వ సెక్షన్. ఈ లిస్టు చూసి నాకు టెన్షన్ వచ్చింది. లాయర్లకి సంవత్సరాలు పట్టే విషయాలు మాకు ఎలా ఎక్కిస్తారా అనుకున్నాను.

ట్రైనర్ ఎడ్యుకేషన్ లా చేసే లాయర్. మా బ్యాచ్‌లో రిటైరైన హెడ్‌టీచర్లు, గవర్నర్లు, కొత్త క్లర్కులు, నాలాంటి లే మెంబర్లు కలిసి కూర్చున్నాం. మొదట ఆవిడ చూపించినవి చట్టాలు కాదు, లెక్కలు. 2023–24 విద్యా సంవత్సరంలో ఇంగ్లండ్‌లోని ప్రభుత్వ నిధులతో నడిచే స్కూళ్లలో 10,885 పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్లు, 9,54,952 సస్పెన్షన్లు జరిగాయి. 2019లో ప్రభుత్వం కోరగా మాజీ మంత్రి ఎడ్వర్డ్ టింప్సన్ ఇచ్చిన రివ్యూ ప్రకారం, పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్లలో 78 శాతం పిల్లలు మూడు గుంపుల్లో ఏదో ఒక దానికి చెందినవాళ్లు: నేర్చుకోవడంలో ప్రత్యేక అవసరాలు ఉన్నవాళ్లు, సోషల్ సర్వీసెస్ సాయం అవసరమని గుర్తించినవాళ్లు, ఫ్రీ స్కూల్ మీల్స్‌కి అర్హులైనవాళ్లు. మిగతా కారణాలన్నీ లెక్కలోకి తీసుకున్నాక కూడా, తెల్ల బ్రిటిష్ పిల్లలతో పోలిస్తే బ్లాక్ కరీబియన్ పిల్లల్ని తీసేసే అవకాశం 1.7 రెట్లు ఎక్కువని అదే రివ్యూ చెప్పింది.

ఇది చూడగానే ఒక రిటైరైన హెడ్‌టీచర్ చెయ్యెత్తారు. "మిగతా ముప్ఫై మంది సంగతేంటి? వాళ్లకీ చదువుకునే హక్కుంది, నా టీచర్లకి దెబ్బలు తినకుండా పని చేసే హక్కుంది" అన్నారు. ఆయన గొంతులో బాధ ఉంది, అది నటన కాదు. ట్రైనర్ ఆయన మాట కొట్టిపారేయలేదు. చట్టం ఆ ముప్ఫై మందిని మర్చిపోలేదని చూపించారు. పర్మనెంట్‌గా తీసేయాలంటే రెండు షరతులు కలవాలి. ఒకటి, పిల్లాడు స్కూలు ప్రవర్తనా నియమాలను తీవ్రంగా గానీ పదే పదే గానీ ఉల్లంఘించి ఉండాలి. రెండోది, అతన్ని స్కూల్లో ఉంచితే అతని చదువుకో, క్షేమానికో, ఇతరుల చదువుకో, క్షేమానికో తీవ్రమైన హాని జరగాలి. ఈ రెండోదాన్ని చాలామంది చదవకుండానే దాటేస్తారని ఆవిడ అన్నారు. తప్పు పెద్దది కాబట్టి హాని ఉన్నట్టే అనుకుంటారు. ఏ హాని, ఎవరికి, దాన్ని ఆపడానికి ఇంకేం చేసి చూశారు అని విడిగా అడగాలి. అప్పటి నుంచి ఏ ఫైలు తీసినా నేను ముందు వెతికేది ఆ రెండో షరతు మీద ఎన్ని మాటలు రాశారా అని.

తర్వాత వచ్చింది అసలైన కష్టం. ప్యానెల్ ఆ పిల్లాడి కేసుని కొత్తగా మొదటి నుంచి తీర్పు చెప్పడానికి కాదు కూర్చునేది, గవర్నర్ల నిర్ణయాన్ని సమీక్షించడానికి. మూడు పనుల్లో ఒకటి చేయగలదు: నిర్ణయాన్ని ఉన్నది ఉన్నట్టు ఉంచడం, మళ్లీ ఆలోచించమని గవర్నర్లకి సిఫార్సు చేయడం, నిర్ణయాన్ని కొట్టేసి మళ్లీ పరిశీలించమని ఆదేశించడం. కొట్టేయాలంటే కోర్టులు వాడే కొలబద్దలే వాడాలి. చట్టం ఇచ్చిన అధికారం దాటి చేశారా? నిర్ణయం హేతుబద్ధంగా ఉందా, అంటే సంబంధం లేని విషయాలు చూడటం, చూడాల్సినవి వదిలేయడం, ఇంగితం ఉన్న ఏ బోర్డూ చేయని పని చేయడం లాంటివి జరిగాయా? న్యాయం జరగలేదని స్పష్టంగా తెలిసేంతగా పద్ధతి తప్పారా? ఈ మూడు కొలబద్దలూ 1984లో, అప్పటి అత్యున్నత న్యాయస్థానం హౌస్ ఆఫ్ లార్డ్స్ ఇచ్చిన ఒక తీర్పులో లార్డ్ డిప్లాక్ అనే జడ్జి వరుసపెట్టి చెప్పినవట.

హేతుబద్ధత అర్థం కావడానికి ఆవిడ వెడ్న్స్‌బరీ కేసు చెప్పారు. మిడ్‌లాండ్స్‌లో ఉన్న చిన్న ఊరు అది. ఆదివారం సినిమా ఆటలకి 15 ఏళ్లలోపు పిల్లల్ని రానివ్వకూడదని అక్కడి కార్పొరేషన్ షరతు పెడితే, సినిమా హాలు కంపెనీ కోర్టుకెళ్లింది. 1947లో కోర్టు ఆ షరతుని కొట్టేయలేదు. తమకి నచ్చకపోవడం వేరు, ఏ బుద్ధిమంతుడూ అలా నిర్ణయించడనేంత అసంబద్ధంగా ఉండటం వేరు అంది. అంత అసంబద్ధం ఎలా ఉంటుందో చెప్పడానికి ఆ తీర్పులో ఎత్తుకున్న ఉదాహరణ కూడా స్కూలుదే: జుట్టు ఎర్రగా ఉందని ఒక టీచర్‌ని ఉద్యోగంలోంచి తీసేయడం. దాదాపు ఎనభై ఏళ్ల కిందటి సినిమా హాలు గొడవ ఇవాళ ఒక పద్నాలుగేళ్ల పిల్లాడి ఫైలు మీద పని చేస్తోందంటే నాకు వింతగానూ అనిపించింది, ధైర్యంగానూ అనిపించింది. కొలత మన ఇష్టాయిష్టాల మీద ఆధారపడి లేదు.

"నేనైతే తీసేసేవాణ్ణి", "నేనైతే తీసేసేదాన్ని కాదు" అనే రెండు వాక్యాలనీ గది బయట పెట్టి రమ్మన్నారు ఆవిడ. ఇది చెప్పినంత సులువు కాదు. ఫైలు చదువుతుంటే మనసు తనంతట తానే ఒక పక్షం ఎంచుకుంటుంది. నాకు పిల్లాడి వైపు, ఆ రిటైరైన హెడ్‌టీచర్‌కి స్కూలు వైపు. ట్రైనింగ్ మన సానుభూతిని తీసేయదు. ఆ సానుభూతి అడిగే ప్రశ్నకి బదులు వేరే ప్రశ్న అడగడం అలవాటు చేస్తుంది: గవర్నర్ల ముందు ఏముంది, దాన్ని వాళ్లు చూశారా, చూసినట్టు ఎక్కడ కనిపిస్తోంది?

మాక్ హియరింగ్‌లో నాకు ఛైర్ పాత్ర ఇచ్చారు. ట్రైనింగ్ కోసం అల్లిన కేసు అది. ఇయర్ 9లో చదివే, అంటే పదమూడు, పద్నాలుగేళ్ల అబ్బాయి, క్లాసులో ఎడతెగని అల్లరి, చివరికి ఒకరోజు కుర్చీని తన్నితే అది టీచింగ్ అసిస్టెంట్ మోకాలికి తగిలింది. ఫైలు లావుగా ఉంది. ఎక్కువ భాగం బిహేవియర్ లాగ్: తేదీ, పీరియడ్, "మాట వినలేదు", "ఎదురు మాట్లాడాడు", "బయటికి పంపాం". మధ్యలో ఎక్కడో ఒక ఈమెయిల్. స్కూల్లో ప్రత్యేక అవసరాల పిల్లల్ని చూసే టీచర్, అంటే సెంకో, హెడ్‌టీచర్‌కి రాసింది. ఈ అబ్బాయిని అసెస్‌మెంట్‌కి పంపాం, అది వచ్చేదాకా గోల ఎక్కువైనప్పుడు ఐదు నిమిషాలు బయటికెళ్లి రావడానికి ఒక కార్డు ఇవ్వండి అని. కుర్చీ తన్నిన రోజు గురించిన స్టేట్‌మెంట్‌లో ఒక వాక్యం ఉంది: "బయటికి వెళ్తానని రెండుసార్లు అడిగాడు, కూర్చోమని చెప్పాను." దాని కింద సంతకం ఉంది, తేదీ లేదు. గవర్నర్ల మీటింగ్ మినిట్స్‌లో దీని గురించి ఉన్నది ఒక్క ముక్క: "ప్రత్యేక అవసరాల విషయం తల్లి ప్రస్తావించారు. బోర్డు గమనించింది."

ఈ మూడు కాగితాలూ ఫైల్లో ఒక్కోటి ఒక్కో మూల ఉన్నాయి. పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప విషయం బయటపడదు. అకౌంట్స్‌లో బ్యాంకు స్టేట్‌మెంటుని లెడ్జర్‌తో సరిచూసినట్టు చూడాలన్నమాట.

తల్లి పాత్ర వేసిన క్లర్క్‌కి ఇంగ్లిష్ అంతంతమాత్రమే వచ్చన్నట్టు నటించమన్నారు, పక్కన ఇంటర్‌ప్రెటర్‌ని కూర్చోబెట్టారు. ఛైర్ చేయాల్సిన పనులు అక్కడే ఎక్కువ నేర్చుకున్నాను. ఇంటర్‌ప్రెటర్ వైపు చూసి "ఆవిడని అడగండి" అనకూడదు, తల్లి మొహం చూసి "మీరు" అని ఆమెనే అడగాలి. ఒక్కో వాక్యం దగ్గర ఆగాలి. పేజీ నంబర్ చెప్పాక అందరికీ ఆ పేజీ దొరికిందా అని కళ్లతో చూసుకోవాలి. మొదలుపెట్టేటప్పుడే ఎవరు ఎప్పుడు మాట్లాడతారో, ఎవరు ఎవర్ని ప్రశ్నలు అడగొచ్చో, చివరి మాట ఎవరిదో చెప్పాలి. పిల్లాడు వస్తే అతను మాట్లాడాలనుకుంటున్నాడా అని అతన్నే అడగాలి, మాట్లాడకపోయినా నష్టం లేదని చెప్పాలి. కాగితాలు కనీసం ఐదు స్కూల్ రోజుల ముందు అందరికీ చేరేలా క్లర్క్ ప్రయత్నించాలని రూల్. చేరకపోతే చదువుకోవడానికి టైమ్ కావాలా, వాయిదా కావాలా అని అడగడం నా పని. తోడుగా వెళ్లిన ఆ మీటింగ్‌లో ఎవరైనా ఒక్కసారి ఈ ప్రశ్న అడిగి ఉంటే చాలు అనిపించింది.

గవర్నర్‌గా చాలా ఏళ్లు చేసిన ఒకాయన ప్యానెల్‌లో నా పక్కన కూర్చుని తల్లిని అడిగారు, "ఇంట్లో కూడా ఇలాగే ఉంటాడా?" అని. ట్రైనర్ అక్కడ ఆపి, "ఈ ప్రశ్నకి వచ్చే జవాబు మీ నిర్ణయంలో ఏ భాగానికి పనికొస్తుంది?" అన్నారు. ఆయన ఆలోచించి, దేనికీ రాదన్నారు. ఆ ప్రశ్నలో దురుద్దేశం ఏమీ లేదు. కానీ తల్లి ఒక్కసారిగా బోనులోకి వెళ్లిపోతుంది, పెంపకం మీద సంజాయిషీ చెప్పుకోవడం మొదలుపెడుతుంది. అడిగే ప్రతి ప్రశ్నా ఏదో ఒక కొలబద్దకి ముడిపడి ఉండాలన్న ఆ పాఠం ఇప్పటికీ నా నోట్‌బుక్ మొదటి పేజీలో ఉంది.

వినడం అయిపోయాక ఇంకో చిన్న సంగతి జరిగింది, అది కావాలనే పెట్టారు. కుటుంబం లేచి బయటికి వెళ్తుంటే, హెడ్‌టీచర్ పాత్ర వేసిన మనిషి కాగితాలు సర్దుకుంటున్నట్టు కుర్చీలోనే ఉండిపోయారు, మాతో నవ్వుతూ ట్రాఫిక్ గురించి మాట్లాడారు. రెండు నిమిషాలే. తలుపు మూసుకుంది. బయట ఉన్న తల్లికి లోపల ట్రాఫిక్ గురించి మాట్లాడుతున్నారో, తన కొడుకు గురించి మాట్లాడుతున్నారో ఎలా తెలుస్తుంది? ఒక పక్షం లేకుండా ఇంకో పక్షం ప్యానెల్‌తో ఉండకూడదు. వచ్చేటప్పుడు, టీ బ్రేక్‌లో, వెళ్లేటప్పుడు కూడా. గవర్నర్ల మీటింగ్‌లో కూడా నిర్ణయం తీసుకునే ముందు పక్షాలన్నిటినీ బయటికి వెళ్లమనాలని గైడెన్స్ చెబుతుంది, హెడ్‌టీచర్ గదిలోనే ఉండిపోతే అది పద్ధతి తప్పడమే. దాని వల్లే నిర్ణయం కొట్టేసే పరిస్థితి రావచ్చు. మామూలు మర్యాద అనుకునే పనులే ఇక్కడ కేసుని పాడు చేస్తాయి.

సాక్ష్యం విషయంలో కొలత, జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందా అన్నది. క్రిమినల్ కోర్టుల్లోలా అనుమానానికి తావు లేనంత రుజువు అక్కర్లేదు. ఇతర పిల్లల స్టేట్‌మెంట్లు ఉంటే చాలాసార్లు పేర్లు తీసేస్తారు, దానికి తగిన కారణం ఉండాలి. పేర్లు దాచినా, తన మీద ఆరోపణలో అసలు విషయం ఏంటో పిల్లాడికి తెలియాల్సిందే. స్కూలు రివ్యూ దగ్గర కొత్త కారణాలు చేర్చడానికి వీల్లేదు. కొత్త సాక్ష్యం మాత్రం ఎవరైనా తేవచ్చు. కానీ నిర్ణయాన్ని కొట్టేయాలా అన్నప్పుడు, గవర్నర్లకి అప్పుడు తెలిసిన, లేదా బాధ్యతగా అడిగి ఉంటే తెలిసి ఉండాల్సిన విషయాలే చూడాలి. వాళ్లకి తెలిసే అవకాశమే లేని విషయం తర్వాత బయటపడితే, దాని ఆధారంగా మళ్లీ ఆలోచించమని సిఫార్సు చేయవచ్చు, అంతే. ఈ తేడా మా బ్యాచ్‌లో అందరినీ తికమక పెట్టింది. కార్డు ఈమెయిల్ గవర్నర్ల ఫైల్లోనే ఉంది కాబట్టి అది మొదటి రకం. అదే ఈమెయిల్ నెల తర్వాత ఎక్కడో దొరికి ఉంటే, గవర్నర్లు అడిగి ఉండాల్సిందా అన్న ప్రశ్న ముందు తేల్చుకోవాలి.

తల్లిదండ్రులందరికీ తెలియాల్సిన హక్కు ఇంకోటి ఉంది. రివ్యూకి ప్రత్యేక అవసరాల నిపుణుణ్ణి పిలిపించమని అడగొచ్చు. పిల్లాడికి అలాంటి అవసరం ఉందని స్కూలు ఒప్పుకోకపోయినా సరే. ఖర్చు ప్యానెల్ ఏర్పాటు చేసేవాళ్లదే. ఆ నిపుణుడు పిల్లాణ్ణి పరీక్షించరు. స్కూలు చేయాల్సినవి చేసిందా, ఆ అవసరాలు ఈ నిర్ణయంతో ఎలా ముడిపడ్డాయి అన్నది నిష్పక్షపాతంగా చెబుతారు.

ఈక్వాలిటీ యాక్ట్ భాగం దగ్గర గదిలో చాలాసేపు నిశ్శబ్దం. ఇతరుల్ని కొట్టి హింసించే అలవాటు వైకల్యం కిందకి రాదని ఆ యాక్ట్ కింద చేసిన 2010 నిబంధనల్లో ఒక మాట ఉంది. ఆటిజం లాంటి గుర్తించిన పరిస్థితి వల్ల అలాంటి ప్రవర్తన వచ్చే పిల్లల విషయంలో చదువు దగ్గర ఆ మాట వాడి రక్షణ లేకుండా చేయకూడదని 2018లో అప్పర్ ట్రిబ్యునల్ అనే అప్పీల్ కోర్టు తీర్పిచ్చింది. అంటే "కొట్టాడు కదా" అన్నంత మాత్రాన చర్చ ముగియదు. స్కూలు తగిన సర్దుబాట్లు చేసిందా అన్నది కూడా చూడాలి. "ఇది నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది" అన్నారు ఆ రిటైరైన హెడ్‌టీచర్. ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

ఆఖర్న నిర్ణయం, లెటర్. నాకు అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే. ఒకే ఫైలు మీద మా గుంపు నిర్ణయాన్ని కొట్టేసింది, పక్క గుంపు సిఫార్సుతో సరిపెట్టింది. ఏది రైటని అడిగాం. కారణాలు నిలబడితే రెండూ నిలబడతాయన్నారు ట్రైనర్. మా మొదటి డ్రాఫ్టులో ఇలా రాశాం: "గవర్నర్లు విషయాన్ని సరిగా పరిశీలించలేదు." మా గుంపులోని క్లర్క్ పెన్ను పక్కన పెట్టి, ఏ విషయం, సరిగా అంటే ఏంటి, మీకెలా తెలిసింది అని వరసగా అడిగింది. ఆమె అడిగినకొద్దీ రాసినదాన్ని మార్చాం. చివరికి ఇలా తేలింది: "గోల ఎక్కువైనప్పుడు బయటికి వెళ్లే కార్డు ఇవ్వాలని సెంకో ఈమెయిల్‌లో కోరారు. సంఘటన రోజు అబ్బాయి రెండుసార్లు బయటికి వెళ్తానని అడిగాడని, కూర్చోమన్నారని స్టేట్‌మెంట్ చెబుతోంది. కార్డు ఇచ్చారా అని గవర్నర్లు హెడ్‌టీచర్‌ని అడిగినట్టు మినిట్స్‌లో లేదు. ఇది నిర్ణయానికి నేరుగా సంబంధించిన విషయం. దాన్ని లెక్కలోకి తీసుకోలేదని ప్యానెల్ అభిప్రాయపడింది." ఇందులో ఎవర్నీ తిట్టలేదు. అయినా చదివిన గవర్నర్లకి తమ తప్పు ఎక్కడుందో తెలుస్తుంది, చదివిన తల్లికి తన మాట విన్నారని తెలుస్తుంది. ఓడిపోయినవాళ్లకి కూడా ఎందుకో అర్థమయ్యేలా రాయాలి, ఎవరికీ అర్థం కాని పదం ఒక్కటి కూడా ఉండకూడదు అన్నది ఆవిడ పెట్టిన షరతు.

ఆ తర్వాత అసలు కేసుల్లో కూర్చున్నాను. వాటి గురించి ఏమీ రాయకూడదు, రాయను. ఒక్కటి చెప్పగలను: మాక్‌లో ఎవరూ ఏడవరు. నిజం గదిలో ఏడుస్తారు, తల్లులే కాదు, ఒక్కోసారి టీచర్లు కూడా. అప్పుడు ఆగడం, కాసేపు బ్రేక్ ఇవ్వడం, మళ్లీ ఆగిన చోటి నుంచే మొదలుపెట్టడం, ఆ ఏడుపు నిర్ణయాన్ని ఏ వైపుకీ తోసేయకుండా చూసుకోవడం, ఇవన్నీ ఒక్కసారి చెబితే వచ్చేవి కావు. రెండేళ్లకోసారి ట్రైనింగ్ అనేది మొదట దండగ అనుకున్నవాళ్లు కూడా రిఫ్రెషర్‌కి వచ్చి బుద్ధిగా నోట్సు రాసుకుంటారు.

ఈ వ్యవస్థ మీద నాకు రెండు అసంతృప్తులున్నాయి. మొదటిది, ప్యానెల్ చేతిలో ఉన్నది తక్కువ. 2012 సెప్టెంబర్‌కి ముందు ఇంగ్లండ్‌లో అప్పీల్ ప్యానెళ్లు ఉండేవి, పిల్లాణ్ణి తిరిగి చేర్చుకోండని ఆదేశించగలిగేవి. వేల్స్‌లో ఇప్పటికీ అలాగే ఉంది. ఇక్కడ మేం నిర్ణయాన్ని కొట్టేసినా, గవర్నర్లు పది స్కూల్ రోజుల్లో మళ్లీ కూర్చుని మళ్లీ వద్దనొచ్చు. అప్పుడు స్కూలు మీద 4,000 పౌండ్ల భారం పడేలా ప్యానెల్ ఆదేశించవచ్చు, పిల్లాడు మాత్రం బయటే. కారణాలు బాగా రాయడం మీద అంత పట్టుబట్టేది అందుకే. మళ్లీ కూర్చున్న గవర్నర్లని కదిలించగలిగేది ఆ లెటరే.

రెండోది ఇంకా పెద్దది. రెండేళ్ల ట్రైనింగ్ షరతు ప్యానెల్ సభ్యులకి, క్లర్కులకే ఉంది. మొదట కేసు వినే గవర్నర్లకి అలాంటి షరతు లేదు. కానీ పిల్లాణ్ణి వెనక్కి తీసుకోండని చెప్పే అధికారం ఉన్నది వాళ్లకే. చాలా కుటుంబాలు అక్కడితో ఆగిపోతాయి. అన్యాయం జరిగితే జరిగేది, సరిదిద్దగలిగితే సరిదిద్దగలిగేది ఆ మొదటి గదిలోనే. మేం నేర్చుకున్నదాంట్లో సగం అక్కడి గవర్నర్లకి తప్పనిసరిగా నేర్పినా మా దగ్గరికి వచ్చే ఫైళ్లు వేరేలా ఉంటాయని నా గట్టి నమ్మకం. వీలైన చోటల్లా ఇది అడుగుతున్నాను, అడుగుతూనే ఉంటాను.

తెలుగువాళ్లు ఎవరైనా ఫోన్ చేసి అడిగితే కేసు మంచిచెడ్డలు నేను మాట్లాడను, మాట్లాడకూడదు. గడువులు మాత్రం చెబుతాను. పర్మనెంట్ ఎక్స్‌క్లూజన్ అయితే గవర్నర్లు 15 స్కూల్ రోజుల్లో కూర్చోవాలి. మీరు వెళ్లొచ్చు, రాతపూర్వకంగా ఇవ్వొచ్చు, తోడు తీసుకెళ్లొచ్చు. ఆరో స్కూల్ రోజు నుంచి పిల్లాడికి ఫుల్‌టైమ్ చదువు ఏర్పాటు చేయాల్సిన బాధ్యత కౌన్సిల్‌ది. గవర్నర్ల నిర్ణయం లెటర్ అందాక రివ్యూ అడగడానికి మీకు ఉండేది 15 స్కూల్ రోజులు. ప్రత్యేక అవసరాల నిపుణుడు కావాలంటే ఆ అప్లికేషన్‌లోనే రాయండి. వైకల్యం కారణంగా వివక్ష జరిగిందనిపిస్తే ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ఆరు నెలల గడువు విడిగా నడుస్తుంటుంది. పేపర్లేవీ లేకుండా "ఇవాళ ఇంటికి తీసుకెళ్లండి, కాస్త చల్లబడ్డాక పంపండి" అని స్కూలు అంటే, మీరు ఒప్పుకున్నా సరే అది చట్టవిరుద్ధం. రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి, ఆ కాగితం మీద తేదీ ఉందో లేదో చూసుకోండి.